రేచీకటి, రెటీనా నిండా తెల్ల చుక్కలు: ఈఆర్‌జీకి ఎలా పంపాలి?

నేను దేవరకొండ దగ్గర చిన్న కంటి కేంద్రంలో ఆప్టోమెట్రిస్టుని. గొర్లు కాసే 19 ఏళ్ల అబ్బాయి వచ్చాడు. పొద్దుగూకితే దారి కనపడదట. చిన్నప్పటి నుంచీ అంతేనట, ఎక్కువైందేమీ లేదట. రెండు కళ్లకూ చూపు 6/6. తల్లిదండ్రులది మేనరికం.

కంటిపాప పెద్దదయ్యే చుక్కల మందు వేసి చూస్తే, మాక్యులాను (రెటీనా నడిమి భాగం) మాత్రం వదిలేసి చుట్టూ నూకలు చల్లినట్టు సన్నటి తెల్ల చుక్కలు. రక్తనాళాలు సన్నబడలేదు, డిస్క్ (కంటి నరం మొదలు) పాలిపోలేదు, రెటీనా క్రమంగా దెబ్బతినే రెటినైటిస్ పిగ్మెంటోసాలో ఉండే నల్ల మచ్చలూ లేవు. తెల్లగుడ్డు మీద విటమిన్ ఏ లోపంతో వచ్చే బైటాట్ మచ్చల్లేవు గానీ, విటమిన్ ఏ రక్తపరీక్ష ఇంకా కాలేదు.

ఫండస్ అల్బిపంక్టాటస్ (పుట్టుకతో వచ్చి, సాధారణంగా ముదరని రేచీకటి) అనుకుంటున్నా. అదే రెటినైటిస్ పంక్టాటా అల్బిసెన్స్ అయితే చూపు క్రమంగా తగ్గిపోతుంది. వాళ్లమ్మ అడిగేది అదొక్కటే, తేలకుండా ఆమెకు ధైర్యం ఎట్లా చెప్పను?

ఈఆర్‌జీకి, అంటే వెలుగుకు రెటీనా ఇచ్చే విద్యుత్ స్పందనను కొలిచే పరీక్షకు, హైదరాబాద్ పంపాలి. మామూలుగా 20 నిమిషాలు చీకట్లో ఉంచి చేస్తారు. అల్బిపంక్టాటస్‌లో రాడ్ కణాల (మసక వెలుగులో చూపునిచ్చేవి) స్పందన కోలుకోవడానికి గంటలు పడుతుంది. చీటీలో ఎన్ని గంటలని రాయమంటారు? ముందురోజు రాత్రే ఒక కన్నుకు కట్టు కట్టి పంపితే సరిపోతుందా? ఈ జబ్బుకు కారణమయ్యే ఆర్‌డీహెచ్5 జన్యువు పరీక్ష కూడా అప్పుడే అడగాలా? ఇట్లాంటి కేసు చూసినవాళ్లు దయచేసి చెప్పండి. మందను ఇంకొకరికి అప్పజెప్పి అతను ఒక్క రోజే రాగలడు.