చోద్యం చూడ్డం ఎప్పట్నుంచి తిట్టయిందండీ?

గ్రూపులో పెద్దలకి ఒక డౌటు. మొన్న ఆదివారం మా పాపని ఇక్కడ బెంగళూరు లాల్‌బాగ్ తోటకి తీసుకెళ్లా, కెంపేగౌడ గోపురం ఉన్న బండ ఎక్కాం, అక్కడ జియలాజికల్ సర్వే వాళ్లు రాసిపెట్టారు కదా ఈ రాయి వయసు 3000 మిలియన్ ఏళ్లని, అంటే 300 కోట్లు, సున్నాలు సరిచూసుకోడానికి నాకే టైం పట్టింది. పాప రెండు చేతులూ బండకి ఆనించి తెల్ల చారల వెంబడి వేలు పోనిస్తా "దీని మీద డైనోసార్లు నడిచాయా" అనింది. డైనోసార్లు పుట్టిందే ఓ 23 కోట్ల ఏళ్ల కిందట, ఈ బండ ముందు అవి నిన్నమొన్నటి పిల్లకాయలే అన్నా. నోరు తెరుచుకుని అట్లే ఉండిపోయింది. పక్కనే మా అమ్మ, అనంతపురం నుంచి వచ్చింది, బండని తడిమి "ఏం సోద్దెం రా ఇది" అనింది.

సోద్దెం అంటే మన చోద్యమే, ఆ మాట చెవిలో పడగానే నాకు పేపర్ హెడ్డింగు గుర్తొచ్చింది, 'చోద్యం చూస్తున్న అధికారులు'. అమ్మ నోట్లో మెచ్చుకోలు, పేపర్లో తిట్టు! ఆలోచిస్తే మిగతావాటి గతీ అంతే. విడ్డూరం అంటే ఇప్పుడు దెప్పడానికే ("విడ్డూరం కాకపోతే!"). ఏడు వింతలు అంటాం గానీ ఎవడైనా వింతగా ఉన్నాడంటే దూరం జరుగుతాం. అచ్చెరువు, అబ్బురం పుస్తకాల్లో తప్ప కనపడవు. మంచి మాటలన్నీ ఎందుకిట్లా అయినాయి?

హోసూరు నుంచి ఒకరు:
అన్నా, కన్నడంలో అచ్చరి ఇంకా బతికే ఉంది, మన అచ్చెరువూ అదీ రెండూ ఆశ్చర్యం పిల్లలే. మీ అమ్మగారి సోద్దేనికి వాళ్ల దగ్గర తోబుట్టువు సోజిగ. మాకు ఇంకో తమాషా ఉంది, తమిళంలో అదిశయం అంటే వింత, మనకేమో అతిశయం అంటే పొగరు. చిన్నప్పుడు స్కూల్లో 'ఉలగ అదిశయం' అంటే లోకానికి పట్టిన పొగరేమో అనుకునేవాణ్ణి 😄

మల్లేశ్వరం నుంచి, రిటైర్డ్ తెలుగు మాస్టారు:
నాయనా, చోద్యానికి సంస్కృతంలో ప్రశ్న, ఆక్షేపణ అనే అర్థం కూడా ఉంది. శాస్త్ర వ్యాఖ్యానాల్లో ఎదుటివాడు లేవదీసే సందేహం చోద్యం, దానికి చెప్పే సమాధానం పరిహారం. ఆశ్చర్యమనే అర్థమూ అందులోనే ఉంది. ఇక తిట్టంటావా, నాకు తోచింది చెప్తా: తప్పు చూడ్డంలో లేదు, అడగాల్సినవాడు అడక్కుండా నిలబడ్డాడే, అక్కడుంది. మీ పాప చూసింది, అడిగింది కూడా. అసలైన చోద్యం అదే.

నేను:
మాస్టారూ, దండం. అయితే పరిహారం బాకీ ఉండిపోయింది. ఇంటికొచ్చేటప్పుడు మెట్రోలో "మరి ఈ బండకి ముందు అక్కడ ఏముండేది" అని రెండో చోద్యం వేసింది, స్టేషన్ వచ్చిందని తప్పించుకున్నా. జియాలజీ చదివినోళ్లు గ్రూపులో ఎవరన్నా ఉంటే ఇన్‌బాక్స్‌లోకి రండి, పొద్దున్నుంచీ అదే అడుగుతోంది.