కాగితం గుజ్జు బుట్టకి బూజు పడుతోంది, ఏం చేయాలి?

మా అమ్మమ్మ పాత న్యూస్ పేపర్లూ మెంతులూ కలిపి రుబ్బి బుట్టలు చేసేది. ఎండుమిరపకాయలు వాటిలోనే పోసేవాళ్లం. నేనూ అలాంటివి చేసి, పైన రంగులతో ముగ్గు వేసి హాల్లో పెట్టుకుందామని మొదలుపెట్టాను.

పేపర్లు మూడు రోజులు నానబెట్టి, గట్టిగా పిండి, నానిన మెంతులతో మిక్సీలో వేశాను. (మిక్సీకి ఆ వాసన ఇంకా వదల్లేదు, ఇంట్లో రోజూ తిట్లే.) స్టీలు గిన్నె బోర్లించి, తడిగుడ్డ పరిచి, వేలి మందాన గుజ్జు అద్దాను. మొదటిది బాగానే ఆరింది కానీ అంచు దగ్గర వెంట్రుకంత పగులు వచ్చింది. రెండోది ఈ వానలకి నాలుగు రోజులైనా ఆరలేదు. గిన్నె తీసి చూస్తే లోపలంతా పచ్చగా బూజు! మాది ఫ్లాట్, బాల్కనీలోకి ఎండ గంటసేపే వస్తుంది.

పావుకిలో పేపర్‌కి గుప్పెడు మెంతులు ఎక్కువా? చింతగింజల పిండి కలిపితే పగుళ్లు ఆగుతాయా? బూజు పట్టకుండా మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేయమని ఒకరన్నారు. అది విషం కదా, ఇంట్లో రెండేళ్ల పిల్లాడున్నాడు, నాకు ధైర్యం చాలడం లేదు. వేపాకు రసం లాంటిదేదైనా పనిచేస్తుందా? చేసి చూసినవాళ్లు కాస్త చెప్పండి.