‘సంబురం’ను దిద్దేవాళ్లకు ఒక మాట

బతుకమ్మ ఫ్లెక్సీ మీద ‘సంబురాలు’ అని కనబడితే చాలు, ‘సంబరాలు అని ఉండాలి, దిద్దండి’ అనేవాళ్లు ఏటా తయారు. దిద్దేదే అయితే అక్కడెందుకు ఆగడం, ఇంకా వెనక్కి పోయి ‘సంభ్రమాలు’ అని రాయించండి. సంబరం కూడా అచ్చతెలుగు మాటేం కాదు, సంస్కృతం సంభ్రమం మన నోట్లో నలిగి వచ్చిన తద్భవం. భ ఒత్తు పోయింది, ‘భ్ర’ మధ్యలో ఒక అచ్చు దూరింది, రాత్రి రాతిరి అయినట్టు, యాత్ర జాతర అయినట్టు. చివరి ‘మ’ మన ‘ము’లో కలిసిపోయింది. దూరిన ఆ అచ్చును కొందరు అకారంగా పలుకుతారు, మా నల్లగొండ వైపు ఉకారంగా పలుకుతం. అందులో ఒకటి ఒప్పు, ఒకటి తప్పు ఎట్లయితది?

అర్థం సంగతి ఇంకా బాగుంటుంది. సంభ్రమం, భ్రమణం రెండింటికీ ధాతువు ఒకటే, తిరగడం అని. ముందు ‘సం’ చేరితే తత్తరపాటు, ఆత్రం, హడావుడి. ‘సంభ్రమాశ్చర్యాలు’లో ఆ తత్తరపాటు ఇప్పటికీ ఉంది. సంబురంలో సంతోషం ఒక్కటే మిగిలిందంటారు గానీ నేనొప్పుకోను. సంతోషం గమ్మున కూర్చుని కూడా పడొచ్చు, సంబురపడేవాళ్లు ఒక్కచోట కూర్చోరు. సద్దుల బతుకమ్మ నాడు పొద్దున ఏ ఇంట్లోనైనా చూడండి, ఒకరు గునుగు కట్టలు రంగునీళ్లలో ముంచి తీస్తుంటారు, ఒకరు తంగేడు తక్కువైందని మళ్లీ ఊరి బయటికి ఉరుకుతారు, తల్లేమో బిడ్డ బస్సెక్కిందో లేదో అని ఫోన్ మీద ఫోన్. ‘ఏందే అంత సంబురం’ అని ఆటపట్టించేది ఈ ఉరుకులాటనే కదా!

నారాయణపేట, మక్తల్ దిక్కువాళ్లకు ఇదేం కొత్త కాదు. కృష్ణ దాటి రాయచూరు పోతే కన్నడంలో సంభ్రమ అంటే పండుగ సంతోషమే, వేడుక చేసుకోవడాన్ని సంభ్రమాచరణె అంటారు. వాళ్లు రూపం అట్లనే ఉంచి అర్థాన్ని జరిపారు. మనం ఒక్క మాటను రెండు చేసుకుని, పాత అర్థాన్ని సంభ్రమానికి వదిలి, పండుగను సంబురానికి ఇచ్చాం.

ఇక విందును అనే దావత్ కూడా ఇట్లనే సంస్కృతం నుంచి వచ్చిందేనా అని అడిగిన అన్నకు: కాదు. అది అరబీ మాట, ఉర్దూ మీదుగా వచ్చింది, అసలు అర్థం పిలుపు, ఆహ్వానం. మన దగ్గర పిలుపు పక్కకు పోయి మటన్ మిగిలింది, పాత బండి కొన్నా దావత్ ఎప్పుడని అడుగుతారు.