డబ్బా సీరియల్‌కు బదులు పాలలో వేసుకునేది ఇంట్లో ఎలా చేయాలి?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

మా పిల్లలు ఇడ్లీ, ఉప్మా, దోసె అన్నీ తింటారు గాని, స్కూలు బస్సు పొద్దున్నే వచ్చే రోజుల్లో మాత్రం అట్టపెట్టెలోని చాక్లెట్ సీరియల్‌లో చల్లని పాలు పోసుకొని తినడానికే ఇష్టపడతారు. పెట్టె మీద పదార్థాలను తూకంలో ఎక్కువ ఉన్నవి ముందు వచ్చే వరుసలో ముద్రించాలన్నది నియమం. మేము కొనే పెట్టె మీద ధాన్యం తర్వాత వెంటనే కనిపిస్తున్నది చక్కెరే. నాకు టిఫిన్ల జాబితా అక్కరలేదు. డబ్బాలో నిల్వ ఉండి, పొద్దున పొయ్యి వెలిగించే పని లేకుండా, పిల్లలే గిన్నెలో వేసుకోగలిగే కరకరలాడే పదార్థం ఏదైనా ఇంట్లో చేసుకునే విధానం తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1 (నిజామాబాద్ నుంచి)

తొలి ఏకాదశికి బెల్లంతో కలిపి పిండి చేసుకునే జొన్న పేలాలే మీరు అడుగుతున్న పదార్థమండి, కాకపోతే వాటిని దంచకుండా అలాగే ఉంచాలి. జొన్నలన్నీ ఒకేలా పేలవు కనుక కొట్లో పేలాల జొన్నలని ప్రత్యేకంగా అడిగి తీసుకోండి. గింజలోని తేమ ఆవిరిగా మారి పైపొరను చీల్చుకొని రావడం వల్లనే అది పేలుతుంది కాబట్టి, మరీ ఎండిపోయిన గింజలైతే కొద్దిగా నీళ్లు చిలకరించి, కొన్ని గంటల పాటు మూట కట్టి ఉంచాలి. తర్వాత మందపాటి ఇనుప మూకుడు బాగా కాగనిచ్చి, ఒక్కొక్క గుప్పెడు మాత్రమే వేస్తూ, పొడి బట్ట చుట్టిన కర్రతో ఆపకుండా తిప్పాలి. తొందరపడి ఎక్కువ వేస్తే మూకుడు చల్లబడి గింజలు పేలకుండానే మాడిపోతాయి. పేలని గింజలు పళ్లకు గట్టిగా తగులుతాయి కనుక చివర జల్లెడ పట్టడం మానవద్దు.

నాలుగు కప్పుల పేలాలకు ఒక కప్పు దోరగా వేయించిన పల్చటి అటుకులు, అర కప్పు కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగలు, రెండు చెంచాల నువ్వులు కలపండి. పావు కప్పు బెల్లాన్ని కొద్ది నీళ్లలో కరిగించి వడగట్టి, తీగపాకం వచ్చాక ఒక చెంచా నెయ్యి, రెండు చెంచాల తీపి లేని కోకో పొడి వేసి ఆ మిశ్రమానికి పట్టించండి. పిల్లలు వెతికేది ఆ గోధుమరంగు పాలనే కాబట్టి కోకో విషయంలో నేను పట్టుదలకు పోను. అంతా సన్నని సెగ మీద మరికొంచెం సేపు కలిపి, పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పోస్తే రెండు వారాలు కరకరలాడుతూనే ఉంటుంది. మరిగే పాలు పోస్తే బెల్లం వల్ల విరిగే అవకాశముంది; చల్లని పాలతో ఆ ఇబ్బంది రాదు.

జవాబు 2 (అనంతపురం నుంచి)

బొరుగులు నానబెట్టి పిండి, తిరగమోత వేస్తే పది నిమిషాల్లో ఉగ్గాని సిద్ధమవుతుంది. పొయ్యి వెలిగించవద్దని మీరు ముందే అన్నారు గాని, మా వైపు వారికి ఆ మాట చెప్పకుండా ఉండటం సాధ్యం కాదు.

జవాబు 3 (ఒంగోలు నుంచి, పోషకాహారం బోధించే వృత్తి)

నిజామాబాద్ వారు చెప్పిన విధానం బాగుంది, అయితే రెండు సంగతులు జోడించాలి. గిన్నెడు పేలాలు చూడటానికి నిండుగా కనిపించినా తూకంలో చాలా తక్కువ కనుక, వేరుశనగలు, పాలు తగ్గించి పేలాలే ఎక్కువ పెడితే పిల్లలకు మొదటి పీరియడ్‌లోనే ఆకలి వేస్తుంది. వీలైతే పక్కన ఒక ఉడికించిన గుడ్డు పెట్టండి. ఐదేళ్లలోపు పిల్లలకు మాత్రం వేరుశనగ పలుకులు గొంతుకు అడ్డం పడకుండా మెత్తగా పొడి చేసే కలపాలి. రెండవది, పెట్టెల్లో వచ్చే చాలా సీరియళ్లలో ఇనుము, విటమిన్లు విడిగా కలుపుతారు, ఇంట్లో చేసిన దానిలో ఆ అదనం ఉండదు. జొన్నల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి సి విటమిన్ తోడ్పడుతుంది కాబట్టి జామపండు ముక్కలు ఇవ్వండి, ఆ సమయానికి టీ మాత్రం ఇవ్వకండి. బెల్లం కూడా చక్కెర లాంటిదేనని గుర్తుంచుకొని, నాలుక అలవాటు పడేకొద్దీ పాకం తగ్గించుకుంటూ రండి.

సెలవు రోజుల్లో రాగి జావ పెట్టవచ్చు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అంతే తూకం తెల్ల బియ్యంలో అది 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. మొలకెత్తించి ఆరబెట్టిన రాగుల పిండితో కాస్తే జావ పల్చగా వస్తుంది కనుక అదే గ్లాసులో పిండి కొంచెం ఎక్కువ పడుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో పేల్చే తీరిక దొరకని వారాల్లో బజారులో దొరికే పేలాలు వాడవచ్చునా?

జవాబు 1 (నిజామాబాద్ నుంచి)

నిస్సందేహంగా వాడవచ్చు. ఆషాఢంలో తాజాగా దొరుకుతాయి. మిగతా నెలల్లో నాలుగు గింజలు నోట్లో వేసుకొని మెత్తబడలేదని చూసి కొనండి. ఇంటికి తెచ్చాక ఇసుక లేకుండా జల్లించి, ఖాళీ మూకుడులో ఒకసారి వేడి చేసిన తర్వాతే పాకం పట్టించండి.