కృష్ణలో పడవ దారి కోసం మళ్లీ మళ్లీ తవ్వడం ఎందుకు?

సీతానగరం వాసి:
మా తాతయ్య కొమ్మమూరు కాలువలో బియ్యం పడవ నడిపేవారు. పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలోకి మళ్లి చెన్నపట్నం దాకా వెళ్లేవారు. ముక్త్యాల నుంచి విజయవాడకు 82 కిలోమీటర్ల జలమార్గం గురించి చదివాను. ప్రకాశం బ్యారేజీ ఎగువన నీరు నిలిచే ఉంటుంది కదా, పూడిక తీయడం దేనికి?

డ్రెడ్జర్ మీద పనిచేసినవాణ్ణి:
నీరు నిలవడమే కారణం, తమ్ముడూ. వరద మోసుకొచ్చిన ఇసుక, ప్రవాహం నెమ్మదించగానే అడుగుకు దిగుతుంది. మేము ముందు ధ్వని తరంగాలతో లోతు కొలిచి పటం గీస్తాం. తర్వాత అడుగు తవ్వే యంత్రపు పడవ, కట్టర్ సక్షన్ డ్రెడ్జర్, దిగుతుంది. తిరిగే పళ్లు అడుగును కోస్తుంటే పంపు ఇసుకనూ నీటినీ కలిపి పీల్చి, తేలే గొట్టాల గుండా దూరంగా వదులుతుంది. ఆ ఇసుక ఎక్కడ పోస్తామన్నదే అసలు చిక్కు! దగ్గరలో పోస్తే వచ్చే వరదకే తిరిగి దారిలో చేరుతుంది. ఒక దసరాకు తవ్విన చోటనే మరుసటి దసరాకూ తవ్వాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

తెనాలి పాఠకురాలు:
బ్రహ్మపుత్రలో వెదురు తడికలు ఏటవాలుగా పాతి ప్రవాహాన్ని దారివైపు మళ్లిస్తారు. నీరే ఇసుకను కోసుకుపోతుంది. దాన్ని బండాలింగ్ అంటారు.

సీతానగరం వాసి:
మరి మా కాలువ సంగతి, అన్నయ్యా?

డ్రెడ్జర్ మీద పనిచేసినవాణ్ణి:
అక్కడ ఒండ్రు, గుర్రపుడెక్క తీస్తే సరిపోదు. నీటిమట్టం మారే చోట పడవను దాటించే లాకుల తలుపులు బాగుండాలి, వంతెనల కింద పడవ పట్టాలి. తాతయ్య ఏ లాకుల దగ్గర ఆగేవారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయండి.