ధారావిని చూడటానికి విద్యార్థులను తీసుకువెళ్లవచ్చా?

ప్రశ్న – గోదావరి_అధ్యాపకురాలు

నేను రాజమహేంద్రవరంలో డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం బోధిస్తాను. ఈ శీతకాలంలో వారిని ముంబయికి విజ్ఞాన యాత్రకు తీసుకువెళ్తున్నాం. అసంఘటిత రంగం గురించి పుస్తకంలో మాత్రమే చదివిన పిల్లలకు, చిన్న చిన్న పరిశ్రమలతో నిండిన అక్కడి పెద్ద మురికివాడ ధారావిని చూపించాలని నా కోరిక. అయితే మా సహోద్యోగి ఒకరు, "ఎదుటివారి లేమిని డబ్బులిచ్చి చూసి రావడం ఏం చదువండీ?" అని అడిగారు. ఆ మాట నన్ను వదలడం లేదు. అసలు వెళ్లడం సబబేనా? వెళ్తే, అక్కడివారికి ఇబ్బంది కలగకుండా, పిల్లలకు నిజంగా ఏదైనా బోధపడేలా ఎలా వెళ్లాలి? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం – వర్లీ_పద్మశాలి

మేడమ్ గారూ, తప్పకుండా వెళ్లండి. కాకపోతే పేదరికాన్ని చూడటానికి కాకుండా పనిని చూడటానికి వెళ్లండి. మా తాతగారు కరీంనగర్ జిల్లా నుంచి ఇక్కడి బట్టల మిల్లులో పనికి వచ్చారు. నేను వర్లీలోని బీడీడీ చాల్‌లో, అంటే కార్మికులు ఒక్కో గదిలో ఒక్కో కుటుంబంగా ఉండే పాత భవనంలో, 160 చదరపు అడుగుల గదిలో పెరిగాను. వ్యాపారరీత్యా ధారావికి తరచుగా వెళ్తుంటాను కాబట్టి ఈ మాట చెప్పగలుగుతున్నాను.

రెండున్నర చదరపు కిలోమీటర్ల లోపు స్థలంలో ఆరు లక్షల నుంచి పది లక్షల మంది వరకు ఉంటారని అంచనాలు చెబుతాయి. వారిలో చాలామంది అక్కడే పనిచేసి అక్కడే బతుకుతారు. మీ పాఠానికి అన్నిటికన్నా దగ్గరిది 13 కాంపౌండ్ అనే రీసైక్లింగ్ ప్రాంతం. నగరం పారేసిన ప్లాస్టిక్ అక్కడికి బస్తాల్లో చేరుతుంది. నేల మీద కూర్చున్న ఆడవాళ్లు దాన్ని రంగును బట్టి, రకాన్ని బట్టి కుప్పలు చేస్తారు. రకం తేలని ముక్కను అనుభవం ఉన్నవారు వేలితో తట్టి శబ్దం వింటారు, లేదా అంచు కాస్త కాల్చి వాసన చూస్తారు. ఆ తర్వాత దాన్ని తురిమి, కడిగి, రేకుల కప్పుల మీద ఆరబెట్టి, కరిగించి తీగల్లా లాగి, గింజలుగా కత్తిరిస్తారు. ఆ గింజలతోనే మళ్లీ కొత్త వస్తువులు తయారవుతాయి. ఏ దశలో ఎంత విలువ పెరుగుతోందో, ఆ పెరిగిన విలువలో కుప్పలు ఏరిన మనిషికి ఎంత దక్కుతోందో పిల్లలను అడిగి తెలుసుకోమనండి. ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా ఆ పొగలో నిలబడే పనివారి ఊపిరితిత్తులు ఏ లెక్కలోకి వస్తాయో కూడా ఆలోచించమనండి.

కుంభార్‌వాడాలో సౌరాష్ట్ర నుంచి వచ్చిన కుమ్మరుల కుటుంబాలు ఉన్నాయి. ఇంటి ముందే ఆము (కుండలు కాల్చే బట్టీ), వెనక చక్రం, పైన కాపురం. పత్తి వ్యర్థాలతో ఆము కాలుస్తారు కనుక ఆ వీధిలో కళ్లు మండుతాయి. ఇంకొంచెం ముందుకు వెళితే బోర్లించిన వెదురు బుట్టల మీద అప్పడాలు ఎండుతూ కనిపిస్తాయి. ఇంటిపని మధ్యలో ఆడవాళ్లు ఒత్తినవే అవి. ఇవన్నీ చూస్తే మీ సహోద్యోగి ప్రశ్నకు పిల్లలే జవాబు చెప్పగలుగుతారని నా నమ్మకం.

సమాధానం – సామాజిక_సేవిక_థానే

పై మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ మీ సహోద్యోగి అన్నదాన్ని అంత తేలిగ్గా తోసివేయలేం. ఇళ్ల మధ్య సందులు కొన్నిచోట్ల ఎంత ఇరుకంటే, ఎదురుగా బిందెతో ఒక మనిషి వస్తే మనం గోడకు అతుక్కుని దారి ఇవ్వాలి. ఆ సందులోనే అంట్లు తోముకుంటారు, పిల్లలకు స్నానం చేయిస్తారు. అంటే ఆ సందు వారి ఇంట్లో భాగమే. తరగతి మొత్తాన్ని అక్కడికి తోలుకెళ్లడం ఒకరి పెరట్లోకి ఊరేగింపుగా వెళ్లడం లాంటిది. ఐదారుగురి చొప్పున విడదీయండి. ఇళ్ల సందుల్లోకి అసలు వెళ్లకుండా పనిచోట్లకే పరిమితమైతే మరీ మంచిది. ఫోన్లు బయటికి తీయవద్దని ముందే గట్టిగా చెప్పండి. చిన్నపిల్లలకు బిస్కెట్లు, డబ్బులు పంచనివ్వకండి. ఆ దానం వల్ల వారు రేపు వచ్చేవారి వెంట పడటం నేర్చుకుంటారు. అక్కడే పుట్టి పెరిగిన యువకులు దారి చూపించే నడక యాత్రలు ఉన్నాయి. ఫొటోలు తీయనివ్వని నియమం ఉన్నవారినే ఎంచుకోండి, మీరిచ్చే డబ్బు ఎవరికి చేరుతుందో నేరుగా అడగండి.

సమాధానం – పట్టణ_ప్రణాళిక

ఇప్పుడు వెళ్లేవారు ధారావి పునరభివృద్ధి, అంటే పాత ఇళ్లు తీసేసి కొత్త భవనాలు కట్టే పథకం, సంగతి తెలియకుండా వెళ్లకూడదు. 2022 నవంబరులో అదానీ సంస్థ ఈ పథకం బిడ్‌ను గెలుచుకుంది. మహారాష్ట్ర ప్రభుత్వానికి ఇందులో 20 శాతం వాటా ఉంది. 2000 జనవరి 1కి ముందు నుంచి కింది అంతస్తులో ఉంటున్నవారికి ధారావిలోనే 350 చదరపు అడుగుల ఇల్లు ఉచితంగా ఇస్తామన్నారు. ఆ తర్వాత వచ్చినవారికీ, పై అంతస్తుల్లో ఉంటున్నవారికీ ధారావి బయట ఇల్లు చూపిస్తారు. పని చేసేచోటే నివాసం ఉండటమే వారి ఆర్థిక బలం అయినప్పుడు, పదో అంతస్తులో ఆము ఎక్కడ పెడతారు, ఎండబెట్టడానికి కప్పు ఎక్కడ దొరుకుతుంది అన్నది న్యాయమైన ప్రశ్న. మరోవైపు, సొంత మరుగుదొడ్డి కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న కుటుంబాలకు ఆ ఇల్లు ఎంత విలువైనదో కూడా మరిచిపోకూడదు. మీ విద్యార్థులు ఈ రెండు వాదనలూ అక్కడివారి నోటనే వినాలి.

గోదావరి_అధ్యాపకురాలు

అందరికీ కృతజ్ఞతలు. చిన్న బృందాలుగా విడదీసి, పనిచోట్లకే తీసుకువెళ్తాం. ఫోన్లు బసలోనే వదిలి వస్తాం. ఎటువైపు నుంచి మొదలుపెడితే అనుకూలమో కూడా చెబుతారా?

వర్లీ_పద్మశాలి

మాహిం స్టేషన్‌లో దిగి వంతెన మీదుగా తూర్పు వైపు వస్తే 13 కాంపౌండ్ దగ్గర. అక్కడి నుంచి 90 ఫీట్ రోడ్డు, కుంభార్‌వాడా చూసుకుని, సయాన్ వైపు బయటికి రండి. సయాన్–బాంద్రా లింక్ రోడ్డు మీద తోలు దుకాణాలున్నాయి. బ్యాగులు, బెల్టులు కొనాలనుకునే పిల్లలు అక్కడే కొనవచ్చు, బేరం మాత్రం మర్యాదగా ఆడమనండి. హిందీ వచ్చినవారు ప్రతి బృందంలో ఒకరు ఉండేలా చూడండి. మూసి ఉన్న చెప్పులు, అంటే బూట్లు, వేసుకోవడం తప్పనిసరి. 13 కాంపౌండ్‌లో నేల మీద రేకు ముక్కలు ఉంటాయి.