అప్‌డేట్: పై ఊరి అలుగు, కింద మా చెరువు

పై ఊరి చెరువు అలుగు (చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లి పోయే చోటు) మీద ఇసుక బస్తాలు పేర్చడంతో కింద మా చెరువు నిండట్లేదని, రెండు పంచాయతీల మధ్య తగాదా ఎవరు తేల్చాలని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

రాజ్యాంగంలోని 243జెడ్‌డి అధికరణం చదివాను. పంచాయతీలు, మున్సిపాలిటీల ఉమ్మడి విషయాలను, నీటి పంపకంతో సహా, జిల్లా ప్రణాళికా కమిటీ లెక్కలోకి తీసుకోవాలని ఉంది. కానీ ఆ కమిటీ పని జిల్లా ముసాయిదా ప్రణాళిక రాయడం. నాట్లలోపు బస్తాలు తీయించడం దానివల్ల కాదు. అందుకే ఇద్దరు సర్పంచులనూ, నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీర్ (ఏఈ) గారినీ అలుగు దగ్గరికే పిలిచాం.

మా నీరటి (చెరువు నీళ్లు చూసుకునే మనిషి) తాత ముందు నడుస్తూ కాలువ పొడవునా చూపించాడు. సర్కారు తుమ్మ అడుగడుగునా అడ్డం. బండ్ల బాట కింద వేసిన పైపు సగానికి పైగా ఒండ్రుతో పూడిపోయింది. బస్తాలు తీసినా నీళ్లు మా దాకా వచ్చేవి కావు! పై ఊరి రైతుల బాధ కూడా అప్పుడే తెలిసింది: వాళ్ల చెరువు తూము (పొలాలకు నీళ్లు వదిలే దారి) షట్టర్ కారుతోంది, నీళ్లు నిలవక బస్తాలు వేశారు. వాళ్ల మీద నాకిప్పుడు కోపం లేదు.

షట్టర్ బాగుచేయగానే బస్తాలు తీసేస్తామని వాళ్లు ఒప్పుకున్నారు. రెండు గ్రామసభల్లోనూ ఒకటే తీర్మానం రాశాం. ఎవరి హద్దులో కాలువను వాళ్లు ఉపాధి హామీ పనుల్లో పెట్టుకోవాలి. షట్టర్ అంచనా ఏఈ గారు పంపారు. బాట కింది పైపు మార్చే ఖర్చే తేలలేదు. రెండు పంచాయతీలు కలిసి ఇలాంటి పని చేయించుకున్నవాళ్లుంటే, నిధులు ఏ పద్దు కింద చూపారో చెప్పండి.